దేవసేన అని పెడితే వినేవాళ్లకి పాప గుర్తొస్తుందా, సినిమా గుర్తొస్తుందా?

ప్రశ్న: ఏడో నెల అమ్మ

నాకిప్పుడు ఏడో నెల. మగపిల్లాడైతే ఏ పేరు పెట్టాలో ఎప్పుడో కుదిరిపోయింది, ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. ఆడపిల్ల పుడితే మాత్రం నా మనసులో ఒక్కటే పేరుంది. దేవసేన. నెల రోజులుగా అదే ఆలోచన. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ఈ పేరు నాకు బాహుబలి నుంచే వచ్చింది. పురాణాల్లో వెతికి పట్టుకున్నానని చెప్పుకోవచ్చు కానీ అది నిజం కాదు. 2015లో మొదటి భాగం చూసినప్పుడు దేవసేన అంటే గొలుసులతో కట్టేసి ఉన్న, జుట్టు రేగిపోయిన ఒక పెద్దావిడ. చితి కోసం పుల్లలు ఏరుతూ ఉంటుంది. ఆవిడ మీద జాలి తప్ప నాకేమీ కలగలేదు. 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చింది. అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను.

ఆ సినిమాకి వెళ్లడానికి ఓ వారం ముందు బస్సులో ఒకడు నా వెనక నిలబడి చెయ్యి వేశాడు. నేను నోరు మెదపలేదు. తర్వాతి స్టాపులో దిగిపోయి, ఇంకో బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను. అమ్మకి కూడా చెప్పలేదు. వాడి మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

సినిమాలో గుడి దగ్గర ఆడవాళ్లని తడిమే సేనాపతి వేళ్లు దేవసేన నరికేస్తుంది. ఆమెని నిండు సభలో నిలబెట్టి విచారిస్తారు. అప్పటికి ఆమె గర్భిణి. తలదించుకోకుండా, గొంతు వణక్కుండా, వాడేం చేశాడో తనేం చేసిందో అలాగే చెబుతుంది. హాలంతా ఆ తర్వాత బాహుబలి చేసినదానికి ఈలలు వేసింది. నేను మాత్రం ఆమె మాట్లాడిన ఆ నిమిషం దగ్గరే ఆగిపోయాను. ఇంటికి వచ్చాక ఆ రాత్రే అమ్మకి బస్సు సంగతి చెప్పాను. నాకు కూతురు పుడితే దేవసేన అని పెట్టుకుంటానని అప్పుడే అనుకున్నాను. అప్పటికింకా పెళ్లి మాటే లేదు.

ఇక ఇప్పటి ఇబ్బంది చెబుతాను.

మా ఆయనకి పేరు నచ్చింది. అత్తయ్యకి నచ్చలేదు. ఆవిడ మంచి మనిషి, దేనికీ అడ్డు చెప్పే రకం కాదు. అలాంటావిడే మెల్లగా, "పాతికేళ్లు గొలుసుల్లో మగ్గిపోయిన మనిషి పేరు ఎందుకమ్మా చంటిపిల్లకి? ఇంకే పేరూ దొరకలేదా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. నేను సభలో నిలబడ్డ దేవసేననే చూస్తూ వచ్చాను. ఆవిడకి మొదటి భాగంలోని ముసలి దేవసేనే కనబడుతోంది. సినిమా ఒకటే, మనిషి ఒకటే, చూసే చోటు వేరు.

రెండోది, దీనికే ఎక్కువ బాధపడ్డాను. ఆఫీసులో నాతో చనువుగా ఉండే ఒకమ్మాయికి మొదటిసారి పేరు చెప్పాను. "ఓ, బాహుబలి ఫ్యాన్సా మీరు!" అంది. ఎగతాళిగా కాదు, సంతోషంగానే అంది. కానీ అన్నేళ్లు లోపల దాచుకున్న పేరు ఆ ఒక్క మాటతో పోస్టర్ అయిపోయినట్టనిపించింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకే పిలిచి చూశాను. "దేవసేనా, లేమ్మా." "దేవసేనా, పాలు తాగావా?" మొదటి రెండుసార్లు అనుష్క ముఖమే కళ్ల ముందుకొచ్చింది. పదోసారికి ఎవరి ముఖమూ రాలేదు. ఖాళీగా, చక్కగా ఉంది పేరు. అది మంచికో కాదో తెలీలేదు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. నాకు నచ్చింది పేరా, ఆ పాత్రా? పాత్ర కోసం పేరు పెడితే, సినిమాని జనం మరిచిపోయాక ఆ పేరులో ఏం మిగులుతుంది? మరిచిపోకపోతే నా కూతురు జన్మంతా ఆ పోలిక మోయాలా? సినిమా పాత్ర పేరున్నవాళ్లు, పిల్లలకి పెట్టినవాళ్లు మీ అనుభవం చెప్పండి. "అందమైన పేరు, పెట్టేయండి" అని ఒక్క ముక్కలో వద్దు. అవి చాలానే విన్నాను.

జవాబు 1: గీతాంజలి

మీ అత్తయ్యగారి మాట చదవగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నేను 1990లో పుట్టాను. అంతకు ముందు ఏడాది మణిరత్నం తీసిన గీతాంజలి వచ్చింది. మా అమ్మ నన్ను మోస్తున్నప్పుడు ఆ సినిమా చూసింది. మీకు తెలిసే ఉంటుంది, అందులో హీరోకి క్యాన్సర్, హీరోయిన్‌కి గుండెజబ్బు. ఇద్దరికీ రోజులు దగ్గరపడ్డాయి. "చచ్చిపోయే పిల్ల పేరు నా మనవరాలికా?" అని నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసిందట. అమ్మ మాత్రం ససేమిరా అంది. ఆ పిల్ల చావు పక్కనే కూర్చుని ఉందని తెలిసీ అల్లరి చేస్తుందే, అది తనకి నచ్చిందట. అమ్మకి జబ్బు కనబడలేదు, అల్లరి కనబడింది. నాయనమ్మకి అల్లరి కనబడలేదు. అచ్చం మీ ఇంట్లో లాగే.

చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే చాలు, నాయనమ్మ పేరు మార్చమని మొదలుపెట్టేది. ఎనిమిదేళ్ల వయసులో టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆవిడ నన్ను "లక్ష్మీ" అని పిలవడం మొదలుపెట్టింది. పోయేదాకా అలాగే పిలిచింది. ఆ పిలుపు ఇప్పుడు తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. ఆవిడ భయమంతా నా మీద ప్రేమే. మీ అత్తయ్యగారితో వాదించకండి. ఆవిడకి నచ్చిన పేరొకటి ఇంట్లో పిలుచుకోనివ్వండి. దానివల్ల మీ పేరుకి పోయేదేమీ లేదు.

ఇక సినిమా పోలిక సంగతి. చిన్నతనంలో ఇంటికి ఎవరొచ్చినా పేరు వినగానే సినిమా మాటే ఎత్తేవాళ్లు, కొందరు పాట కూడా అందుకునేవాళ్లు. హైస్కూల్‌కి వచ్చాక తెలుగు మాస్టారు మొదటిరోజు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, 1913లో ఠాగూర్‌కి నోబెల్ వచ్చిందని చెప్పి, ఆయన కవితల పుస్తకం పేరే నా పేరని క్లాసంతటికీ చెప్పారు. ఆ రోజు నాకు కొత్త పేరు పెట్టినంత పనైంది. ఉద్యోగంలో చేరాక ఎవరూ ఏదీ అనలేదు. నాకన్నా చిన్నవాళ్లలో చాలామందికి ఆ సినిమా తెలీదు కూడా. వాళ్లకి గీతాంజలి అంటే మూడో టేబుల్ దగ్గర కూర్చునే నేనే.

నాకు ఆ సినిమా చూసే ధైర్యం ఇరవై రెండేళ్లకి గానీ రాలేదు. చూశాక అమ్మకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. చాలాసేపు మాట్లాడాను.

జవాబు 2: పేర్ల పట్టికలు చదివే మనిషి

అక్కా, మీ మూడు ప్రశ్నల్లో ఒకదానికి లెక్కల్లోంచి జవాబు చెప్పగలను. పేర్లు ఎలా పైకి లేస్తాయి, ఎలా పడిపోతాయి అని చూడటం నాకు ఏళ్లుగా అలవాటు. అమెరికాలో సామాజిక భద్రతా శాఖ ఏటా పిల్లల పేర్ల పట్టిక బయటపెడుతుంది. ఒక ఏడాదిలో కనీసం అయిదుగురికి పెట్టిన పేరైతే చాలు, అందులో ఉంటుంది. కాబట్టి ఏ సినిమా ఏ పేరుని ఎంత కదిలించిందో అక్కడ బాగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ మాడిసన్. 1984లో స్ప్లాష్ అని ఒక సినిమా వచ్చింది. అందులో సముద్రంలోంచి వచ్చిన మత్స్యకన్యకి మనుషుల భాషలో పలకగలిగే పేరు లేదు. న్యూయార్క్ వీధిలో నడుస్తూ మాడిసన్ అవెన్యూ అన్న బోర్డు చూసి అదే తన పేరంటుంది. అది పేరు కాదే అంటాడు పక్కనున్న హీరో టామ్ హాంక్స్. అప్పటికి ఆడపిల్లల పేర్లలో అది మొదటి వెయ్యిలో కూడా లేదు, కాబట్టి ఆ మాట నిజమే. మరుసటి ఏడాదే ఆ వెయ్యిలోకి వచ్చింది. 2001కి దేశం మొత్తం మీద రెండో స్థానంలో ఉంది. వింతేమిటంటే, ఆ సమయానికి పేరు పెట్టిన తల్లిదండ్రుల్లో చాలామందికి మత్స్యకన్య గుర్తుండే అవకాశమే తక్కువ. పక్కింటి పాప పేరు విని పెట్టుకున్నారు. సినిమా అగ్గిపుల్ల గీసింది, మంట అంటుకున్నాక పుల్ల ఎవరికీ అక్కర్లేదు.

మరి ప్రతి సినిమాకీ ఇలా జరుగుతుందా అంటే లేదు. ఎల్సాని చూడండి. 2013 చివర్లో వచ్చిన ఫ్రోజెన్‌లోని ఆ పాత్ర తెలియని చిన్నపిల్ల లేదు. 2014లో ఆ పేరు బాగానే ఎగబాకింది, కానీ ఆ తర్వాత దిగిపోయింది. మాడిసన్ ఎత్తుకి దరిదాపుల్లోకి కూడా రాలేదు. నాకు తోచే కారణం ఏమిటంటే, పాత్ర మరీ పెద్దదైతే పేరులో పిల్లకి చోటు మిగలదు. బొమ్మల మీద, బ్యాగుల మీద, కేకుల మీద ఉన్న పేరు మన పాపకి పెట్టాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. మీ ఆఫీసులో ఆ అమ్మాయి మాటకి మీకు కలిగింది అదే బాధ.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది మీ అత్తయ్యగారి భయానికి సంబంధించింది. పాత్ర కష్టాలు పడిందా, మంచిదా చెడ్డదా అన్నది జనం అనుకున్నంత పట్టించుకోరు. స్టార్ వార్స్‌లో కైలో రెన్ కన్న తండ్రినే చంపుతాడు. ఆ సినిమా 2015 డిసెంబరులో వచ్చింది. 2016లో కైలో అన్న పేరు మగపిల్లల మొదటి వెయ్యి పేర్లలో చేరింది. తండ్రిని చంపినవాడి పేరు తండ్రులే కొడుకులకి పెట్టుకున్నారు! అక్కడ పనిచేసింది పాత్ర గుణం కాదు, పేరు పలికే తీరు. అప్పటికే కై, మైలో లాంటి పేర్లు చెవులకి అలవాటై ఉన్నాయి. కైలో వాటి తమ్ముడిలా వినిపించింది.

ఈ రంగంలో లోతుగా పనిచేసిన స్టాన్లీ లీబర్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త కూడా ఇలాంటి మాటే అంటాడు. సినిమావాళ్లు పేర్లని పుట్టిస్తున్నట్టు కనిపిస్తుంది కానీ చాలాసార్లు అప్పటికే గాలిలో ఉన్న పేరునే వాళ్లూ అందుకుంటారట. మెరిలిన్ మన్రో 1946లో ఆ పేరు పెట్టుకునే నాటికే మెరిలిన్ బాగా వాడుకలో ఉన్న పేరు. ఆమె వెలిగిపోతున్న ఏళ్లలో అది పెరగలేదు సరికదా, తగ్గుతూ వచ్చింది.

మీకు అన్నిటికన్నా పనికొచ్చే విషయం చివరికి ఉంచాను. జోనా బెర్గర్, గెయల్ లె మెన్స్ అనే ఇద్దరు 2009లో ఫ్రాన్స్, అమెరికా పేర్ల లెక్కలు తీసి ఒక పరిశోధన చేశారు. ఒక్కసారిగా పైకి లేచిన పేరు అంతే వేగంగా పడిపోతుందని, తల్లిదండ్రులు తాత్కాలిక మోజు అనిపించిన పేరుకి దూరం జరుగుతారని తేల్చారు. దీన్నిబట్టి నా లెక్క ఏమిటంటే, భయపడాల్సింది సినిమా వచ్చిన వెంటనే, ఆ ఊపులో పెట్టేవాళ్లు. మీరు పెట్టబోయేది ఆ ఊపు చల్లారాక. 2017 వేసవిలో పెట్టి ఉంటే మీ అమ్మాయి క్లాసులో ఇంకో ఇద్దరు దేవసేనలు ఉండేవాళ్లేమో. ఇప్పుడా ప్రమాదం తక్కువ.

పైగా మాడిసన్‌కి లేనిదొకటి మీ పేరుకి ఉంది. వెనక్కి వెళితే దానికి నేల తగులుతుంది. మహాభారతం అరణ్యపర్వంలో దేవసేన ప్రజాపతి కూతురు. కేశి అనే రాక్షసుడు ఆమెని ఎత్తుకుపోవాలని చూస్తాడు. ఆమె తోడబుట్టిన దైత్యసేన వాడి మీద మనసుపడి వెళ్లిపోయింది, ఈమె మాత్రం లొంగలేదు. ఇంద్రుడు వచ్చి విడిపిస్తాడు, తర్వాత కుమారస్వామిని పెళ్లాడుతుంది. అంటే బలవంతం చేసినవాడికి లొంగని దేవసేన సినిమాకి ముందే ఉంది. మీకు నచ్చిన ఆ నిమిషం పేరులో ముందునుంచీ ఉందేమో.

జవాబు 3: మిత్రవింద నాన్న

పై సోదరుడు చెప్పిన ఆఖరి మాట దగ్గర నాకో హెచ్చరిక ఉందమ్మా. పురాణం ఉంది కదా అని సినిమాని దాచకండి. నేను దాచాను, అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి 2010లో పుట్టింది. అంతకు ముందు ఏడాది జులై ఆఖర్లో మగధీర వచ్చింది. నాలుగు వందల ఏళ్ల కిందటి కథలో యువరాణి మిత్రవింద. నేను, మా ఆవిడ పెళ్లైన కొత్తలో కలిసి చూసిన మొదటి పెద్ద సినిమా అది. హాలు బయటికి వస్తూనే ఆమె ఆ పేరు రెండుసార్లు పైకి అని చూసుకుంది. అంతే, ఆ పేరు ఖాయమైపోయింది.

పేరు పెట్టిన మొదటి ఏడాది ఎవరికి చెప్పినా "మగధీరా!" అనేవాళ్లు. కొందరు నవ్వేవాళ్లు. మా బంధువుల్లో ఒక పెద్దాయన "సినిమా పిచ్చి పిల్లల మీద రుద్దకూడదు" అని పదిమందిలో అన్నారు. నాకు తల కొట్టేసినట్టైంది. అప్పుడే ఎవరో చెప్పగా తెలిసింది, శ్రీకృష్ణుడి అష్టభార్యల్లో ఒకామె పేరు మిత్రవింద అని. ఇక అప్పట్నుంచి ఎవరడిగినా అదే చెప్పడం మొదలుపెట్టాను. "భాగవతంలోని పేరండి." గౌరవంగా తలూపేవాళ్లు. ఏడాదికి నాకే అది నిజమనిపించింది. పాపకి ఊహ తెలిశాక దానికీ అదే చెప్పాను.

పాపకి అయిదారేళ్లు వచ్చేసరికి ఆ సినిమా మాట ఎత్తేవాళ్లే లేరు. ఇది మీకు ధైర్యం ఇస్తుందనుకుంటాను. ఇంత పెద్ద హిట్ అయిన సినిమా కూడా ఒక పేరుని మహా అయితే నాలుగైదేళ్లు పట్టుకుని ఉంటుంది, ఆ తర్వాత వదిలేస్తుంది. ఆపైన మాకు మిగిలినవి మామూలు తిప్పలు. ఫారాల్లో గడులు సరిపోవు. కొత్త టీచర్ ఎవరొచ్చినా "మిత్రబింద" అనో "మిత్రవిందు" అనో పిలుస్తారు. స్నేహితులు మిత్ర అంటారు. మా ఆవిడ విందా అంటుంది. పూర్తి పేరుతో పిలిచేది నేనొక్కణ్నే, అదీ కోపం వచ్చినప్పుడు. మీ దేవసేన నోరు తిరగనిది కాదు, ఈ తిప్పలు తక్కువే.

అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు టీవీలో ఆ సినిమా వచ్చింది. పక్కనే కూర్చుని చూస్తోంది. తన పేరు వినబడగానే నా వైపు తిరిగి, "నాన్నా, కృష్ణుడి భార్య అన్నావు కదా?" అంది. నేను అవునన్నాను. మళ్లీ సినిమా వైపు చూసింది, మళ్లీ నన్ను చూసింది. "మరి మీరిద్దరూ ఈ సినిమాకి వెళ్లామని అమ్మ చెప్పింది, నేను పుట్టకముందు." దాని మొహంలో కోపం లేదు. నేను ఏదో దాచానని అర్థమై, ఎందుకు దాచానా అని ఆలోచిస్తోంది. దాని పేరులో సిగ్గుపడాల్సింది ఏదో ఉందని నేనే నేర్పినట్టైంది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. సినిమా, హాలు, బయటికి వస్తూ వాళ్లమ్మ రెండుసార్లు పేరు అనుకోవడం, అన్నీ. అది అడిగింది ఒకటే, "అమ్మ ఎలా అంది? ఒకసారి అని చూపించు." మా ఆవిణ్ని పిలిచి అనిపించాను. ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. ఎవరైనా పేరు గురించి అడిగితే కృష్ణుడి మాట ఎత్తదు. అమ్మానాన్నల కథే చెబుతుంది.

మీరు బస్సు సంగతి ఇక్కడ రాశారు. అది రాయడానికి మీకెంత కష్టమై ఉంటుందో నాకు తెలీదు, ఆడపిల్ల తండ్రిగా కొంత ఊహించగలను. మీ అమ్మాయికి చెప్పే వయసు వచ్చినప్పుడు అది చెప్పండి. "దేవతల సైన్యం అని అర్థం" అని మాత్రం చెప్పి ఊరుకోకండి.

ప్రశ్న అడిగినావిడ మళ్లీ రాసింది

అందరికీ దండాలు. రెండు వారాలు పట్టింది జవాబు రాయడానికి.

గీతాంజలి గారూ, మీ నాయనమ్మగారి "లక్ష్మీ" గురించి మా అత్తయ్యకి చదివి వినిపించాను. విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రెండో భాగం నేను సరిగ్గా చూడలేదమ్మా, వంటింట్లోంచి చూశాను, ఒకసారి పెట్టు" అన్నారు. శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. సభ సీన్ దగ్గర నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. బస్సు సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలీదు. సీన్ అయ్యాక సినిమా ఆపి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తనకి పద్దెనిమిదేళ్లప్పటి ఒక విషయం చెప్పారు. అది ఆవిడది, ఇక్కడ రాయను. మా ఆయనకి కూడా తెలీదట. తర్వాత మిగతా సినిమా చూశాం. ఆఖర్లో దేవసేన పాతికేళ్లు ఏరిన పుల్లల మీదే భల్లాలదేవుడు కాలిపోతాడు కదా, అక్కడ అత్తయ్య, "అయితే ఊరికే ఏరలేదన్నమాట" అన్నారు. ఇన్నిసార్లు చూసినా నాకు గొలుసులూ పుల్లలూ వేరు, సభలో ఆ నిమిషం వేరు. ఆవిడకి ఒక్కసారి చూడగానే రెండూ ఒకటే అయ్యాయి.

పట్టికల సోదరా, అరణ్యపర్వం సంగతి తెలీదు నాకు. తెలిశాక ఆ భాగం వెతుక్కుని చదివాను. ఆ దేవసేన ఇంద్రుడితో తనకి ఎలాంటి భర్త కావాలో తానే చెబుతుంది. అది చదివి చాలా సంతోషపడ్డాను. మాడిసన్ విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఒప్పుకోలేను. పుల్ల ఎవరికీ అక్కర్లేదన్నారు. అది మొత్తం దేశానికి నిజం కావచ్చు. మొట్టమొదట ఆ పేరు పెట్టిన తల్లులకి మాత్రం ఆ మత్స్యకన్యే కావాలి, నాలాగే. పట్టికలో వాళ్లు ఒక్క అంకె కింద కలిసిపోయారు, అంతే.

మిత్రవింద నాన్నగారూ, మీరు రాసినది మా ఆయన, నేను కలిసి రెండుసార్లు చదివాం. చదివాక ఒక తెల్లకాగితం తీసుకుని పాపకి ఉత్తరం రాశాను. ఆడపిల్ల పుడితే ఇస్తాను, పదిహేనేళ్లు వచ్చాక. సినిమా పేరు మొదటి వరుసలోనే ఉంది. బస్సు రెండో వరుసలో ఉంది. అమ్మమ్మకి ఆ రాత్రి ఏం చెప్పానో కూడా రాశాను. మగపిల్లాడు పుడితే ఆ కాగితం ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు. బహుశా వాడికీ ఇస్తాను.

ఆఫీసులో ఆ అమ్మాయి నిన్న మళ్లీ అడిగింది, పేరు ఖాయం చేశారా అని. దేవసేన అన్నాను. "బాహుబలిలోదే కదా?" అంది. "అవును, అందులోదే" అన్నాను. ఈసారి మనసు చివుక్కుమనలేదు.

ఇంట్లో పిలుచుకోవడానికి అత్తయ్యకి నచ్చిన పేరేదైనా చెప్పమని అడిగాను, గీతాంజలి గారు చెప్పినట్టే. ఆవిడ రెండు రోజులు ఆలోచించి, ఏమీ వద్దన్నారు. "సేన అనీ దేవి అనీ ముక్కలు చెయ్యకండి, పిలిస్తే మొత్తం పిలవండి" అన్నారు.